ఎలుక మెదడు ముట్టిన చేతులు

ఉల్లిగడ్డలు కోస్తే జమున కండ్లల్ల నీళ్లు రావడం ఎప్పుడో బందయింది. పొద్దున్నే వాకిట్లో బస్తా ముందేసుకొని కూర్చుంది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆ రోజు జనగామ రోడ్డు మీద వంటావార్పు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడే తిని, బండ్లు ఆపి తెలంగాణ అడగాలి. పిలుపు ఇచ్చింది ఆమె భర్త ప్రేమ్‌సింగ్, బడిపంతులు. వండేది ఎవరన్నది ఎవరూ అడగలేదు.

"జల్ది కానియ్. టీవీవోళ్లు వచ్చేసరికి ఉప్మా దిగాలె," అన్నాడు ప్రేమ్‌సింగ్.

"నేను యూనివర్సిటీకి పోవాలె. నిన్ననే చెప్పిన."

"రాష్ట్రం కోసం అందరం బందు పెడితే, నీకు ఎలుకలు గావాల్నా?"

అరుగు మీద చాయ్ తాగుతున్న మగవాళ్లంతా నవ్వారు. జమున మూతి కూడా దానంతటదే నవ్వింది.

నిన్న యూనివర్సిటీ నుంచి జమున రీసెర్చ్ గైడు శ్రీలత మేడం ఫోన్ చేసింది. సమ్మెతో భూపాలపల్లిలో బొగ్గు ఆగింది, కరెంటు ఎప్పుడు పోతదో తెలియదు, ఫ్రిజ్ వేడెక్కుతోంది. ఈ పూట ఫొటోలు తీసుకోకుంటే ఎలుక పిండాల మెదడు ముక్కలకు పట్టించిన రంగు వెలిసిపోతది. జమున రెండేండ్ల పని మళ్లీ మొదటికొస్తది. పుట్టబోయే పిల్ల మెదడులో నరం కొస, తండాలో తీజ్ పండక్కి బుట్టలో పెంచే గోధుమ మొలక వేరు లెక్క తడుముకుంటూ పోతది. కణాల ఒంటిమీద జిగురు వంటి అణువులుంటాయి. వాటిని పట్టుకొనే అది పాకుతది, తన జోడు కణాన్ని గుర్తుపడతది. పట్టు లేకుంటే జారిపోతది. పట్టు మరీ ఎక్కువైతే ఉన్నకాడనే అతుక్కుపోతది. వెనక పట్టు వదిలితేనే ముందుకు జరుగుడు. పెండ్లయిన కొత్తల ఇదంతా ప్రేమ్‌సింగ్‌కు చెప్పింది. "అంటే సంసారం లెక్కనే, పట్టుకొని ఉండాలె," అని అటు తిరిగి పడుకున్నాడు. వదలడం గురించిన సగం ఆయన వినలేదు.

తీజ్ పండక్కి కొడకండ్ల దగ్గరి తండాకు పోయినప్పుడు అత్త మోతీ అన్నది: "ఎలుక మెదడు ముట్టిన చేతులు. దేవుని భోగ్ గిన్నె ముట్టకు. పోయి గిన్నెలు తోము." జమున తోమింది. దేవుని పాయసానికి పనికిరాని చేతులు అంట్లకు పనికొచ్చినయి. బాధ అనిపించకపోవడమే వింతగా అనిపించింది.

ఇప్పుడు వంటావార్పుకని వచ్చిన అదే అత్త రవ్వ డబ్బా తెచ్చి పెట్టింది. "ఊరంత తింటది. మంచిగ కలుపు."

జమున కత్తిపీట పక్కకు వంచి లేచింది.

"అత్తా, మొన్ననే ఎలుక మెదడు కోసిన. ఈ చేతులు వంటకు పనికిరావని నువ్వే అన్నవ్ గద."

అరుగు మీదున్న పక్కింటి భద్రయ్య మొహం ముడుచుకున్నాడు. "గా ఎలుక ముచ్చటేంది బిడ్డా, పొద్దుపొద్దున్నే!"

"సబ్బుతోటి కడిగితె పోతది," అన్నాడు ప్రేమ్‌సింగ్.

"పోదు," అంది మోతీ. నమ్మిన మాటను కొడుకు కోసం కూడా మార్చుకోలేదు. రవ్వ డబ్బా దూరం జరిపింది. "నేను చెప్తున్న గద, పోదు."

"మరి ఎవరు వండాలె, యాడీ?" అని తల్లిని అడిగాడు ప్రేమ్‌సింగ్.

మోతీ కొడుకు దిక్కు చూసింది. జవాబు జమున చెప్పింది.

"పిలుపు ఇచ్చినోళ్లు."

బస్సులు లేవు. ఆ రోజుకు రైలు ఉంది. కాజీపేటలో దిగి, ఆటో దొరికినంత దూరం పోయి, మిగతాది నడిచింది. ల్యాబులో కరెంటు ఉంది. మైక్రోస్కోప్ కింద చీకట్లో నరం కొస పచ్చగా వెలుగుతోంది, పోతూ పోతూ ఆగినట్టు. ఒక్కొక్క ఫొటో తీసుకుంటూ పోయింది. చివరిది తీసేటప్పటికి బొమ్మ మసకబారింది. రంగు పోయిందేమోనని గాభరాపడి కంటి అద్దం తుడిచింది. మసక అద్దంలో లేదు.

"ఏమైంది జమునా, ఏడుస్తున్నవా?" అంది శ్రీలత మేడం.

"ఉల్లిగడ్డలు కోసొచ్చిన, మేడం."