మెహర్ వెంట వచ్చిన ద్వారబంధం

పొద్దున్నే డేరా పట్టా మడిచి బండిలో పెట్టుకుని, బుడాన్ వీధిలో కేకేసేవాడు: "పరుపులు కుడతాం, దిండ్లు కుడతాం!" పాత పరుపు విప్పి, గట్టిపడిన దూదిని ఏకి, మళ్ళీ మెత్తగా కుట్టివ్వడం అతని పని. ఊళ్ళో పరుపులు అయిపోతే ఇంకో ఊరు. బుడాన్, భార్య ఖుర్షిదా, తొమ్మిదేళ్ళ కూతురు మెహర్, వాళ్ళ వెనకాల ఒక ద్వారబంధం.

వేపచెక్క ద్వారబంధం. దానికి ఇల్లు లేదు. గడప, రెండు నిలువు చెక్కలు, పైన అడ్డచెక్క, అంతే. మెహర్ ఎక్కడ పడుకుంటే తెల్లారేసరికి ఆ పక్కన నిలబడి ఉండేది. "పిల్లదాని ద్వారబంధం వచ్చిందే" అనుకుని జనం దానికి మేకల్ని కట్టేసుకునేవాళ్ళు.

ఇల్లు లేని పిల్లలకు వానా చలీ తప్పవని అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది. మెహర్‌కి రెండో తరగతి లేకుండా పోయింది. ఏడాదికి ఆరు బళ్ళు మారితే, ప్రతి బళ్ళోనూ ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టేవారు. చుట్టూ ఐదేళ్ళ పిల్లలు. వాళ్ళ పేర్లు వచ్చేసరికి బండి కదిలేది.

2001 ఫిబ్రవరిలో దర్శి దగ్గర ఒక ఊళ్ళో, బడి పక్కనున్న ఆదెయ్య ఖాళీ దొడ్లో దిగారు. లక్ష్మీదుర్గ టీచరు మెహర్ చేత నాలుగు లెక్కలు చేయించి చూసింది.

"జూన్‌లో నిన్ను రెండో తరగతిలో రాసుకుంటానే. అప్పటిదాకా ఉంటారా మరి?"

ఊళ్ళో కుట్టాల్సినవి ఇంకా రెండు పరుపులే మిగిలాయి.

శుక్రవారం పొద్దున ఆడపిల్లలు గడపలకు పసుపు రాస్తున్నారు. మెహర్ కూడా ఇంత పసుపు అడిగి తెచ్చి, తన గడపకు రాసి, బొట్లు పెట్టి, పైన మామిడాకులు కట్టింది.

ఆదెయ్య వచ్చి చూశాడు.

"ఏమయ్యా బుడానూ! నా దొడ్లో ద్వారబంధం ఎత్తావేంటి?"

"నేనెత్తలేదండి. మా పిల్ల వెంట వచ్చిందండి. ఎల్లుండి వెళ్ళిపోతుందండి."

"వస్తే వచ్చిందిలే. పసుపు పెట్టిందెవరు?"

"నేనే తాతా," అంది మెహర్.

"చంపావు పో!"

సంగతేమిటంటే, అక్కడ ఇల్లు కట్టేవాళ్ళు గోడలకన్నా ముందు ద్వారబంధం నిలబెట్టి పసుపూ కుంకుమా పెడతారు. పెట్టాక గోడలు లేపకుండా వదిలేస్తే ఊరికి మంచిది కాదు. పసుపు కడిగేయడం అంతకన్నా తప్పు.

"ఇప్పుడెట్టాగండి?" అన్నాడు బుడాన్ బెదిరిపోయి.

"ఎట్టాగేంటి, గోడలు లేపాలి! దొడ్డిలో ఓ మూల పోతే నేనేం చితికిపోనులే. ఒరేయ్ జక్రయ్యా, తాపీ పట్రా!"

మేస్త్రీ జక్రయ్య నిలువు సరిచూసే తూకపుగుండు వేలాడదీసి చూశాడు. "ఎవరు నిలబెట్టారోగానీ వెంట్రుకవాసి వంకర లేదు. ఇరవయ్యేళ్ళుగా నా వల్ల కాలేదు!"

"మా అమ్మాయిని పనిలో పెట్టుకో అన్నా," అంది ఖుర్షిదా. అందరూ నవ్వారు.

ఒకరింట మిగిలిన ఇటుకలు, ఇంకొకరి తాటాకులు. పదకొండు రోజుల్లో ఇల్లు లేచింది. బుడాన్ సైకిలు కొనుక్కుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, సాయంత్రానికి వచ్చేసేవాడు. ద్వారబంధం మళ్ళీ కదల్లేదు.

జూన్‌లో బడి తెరిచారు. మెహర్ సంచీ తగిలించుకుని గడపలో నిలబడింది. బడి పది అడుగుల దూరం. అయినా, తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అనే అవసరం రాని మాట గట్టిగా అంది:

"వెళ్ళొస్తానమ్మా!"

ఖుర్షిదా గడప దాకా వచ్చింది. అందరి అమ్మల్లాగే అంది:

"పెందలాడే వచ్చెయ్."