చంద్రుడి మీద భూమి నీడ

సాయిలక్ష్మి జమ్మలమడుగులో సైన్సు టీచరు. భూమి గుండ్రంగా ఉందని ఏటా బడిపిల్లలను ఒప్పిస్తుంది. ఇంట్లో భర్తను మాత్రం ఒప్పించలేకపోతోంది.

భర్త శ్రీనివాసులు పులివెందులలో గుమాస్తా. రోజూ బస్సులో పోయి వస్తాడు. భూమి పళ్లెంలా చదునుగా ఉందనీ, గుండ్రమన్నది చదువుకున్నవాళ్లు అల్లిన అబద్ధమనీ చెప్పే వీడియోలు ఆ బస్సులోనే అతనికి అలవాటయ్యాయి. మొదట్లో ఆమె నవ్వింది. తర్వాత గుండ్రటి చీనీకాయా టార్చిలైటూ పట్టుకుని రాత్రీ పగలూ ఎలా వస్తాయో చూపించింది.

"కాయ మీద నీళ్లు పోస్తే నిలుస్తాయా? మరి సముద్రం యెట్ల నిలిచింది?" అన్నాడతను. ఆకర్షణ శక్తి గురించి ఆమె చెబుతుంటే లేచి వెళ్లిపోయాడు.

ఒకరోజు తరగతిలో షాహిస్తా అనే పిల్ల లేచి నిలబడింది. "మేడం, భూమి చదునుగానే ఉండాదని మీ ఇంటి సారు బస్సులో మా అబ్బాకు చెప్పినాడంట. పరీక్షలో ఏది రాయాల?"

తరగతంతా గొల్లుమంది. సాయిలక్ష్మికి తల కొట్టేసినట్టయింది.

ఫాల్గుణ పౌర్ణమికి చంద్రగ్రహణం వచ్చింది. పంచాంగంలో గ్రస్తోదయమని రాశారు. అంటే చంద్రుడు గ్రహణం పట్టి ఉండగానే ఉదయిస్తాడు. ఆ సాయంత్రం ఆమె భర్తను బతిమాలి స్కూటరు మీద గండికోటకు తీసుకుపోయింది.

కోటగోడ పక్కన ఇద్దరూ నిలబడ్డారు. వెనక పెన్న లోయ మీద పొద్దు కుంకింది. కాసేపటికి తూర్పున మసకలోంచి చంద్రుడు తేలాడు. ఒక పక్క ఎవరో కొరికినట్టుంది. కొరికిన అంచు వంపు తిరిగి ఉంది.

"చూస్తాండారా? అది మన భూమి నీడే. ఎంత గుండ్రంగా ఉండాదో చూడండి."

శ్రీనివాసులు చాలాసేపు చూశాడు. "పళ్లెం కూడా గుండ్రమే కదా" అన్నాడు.

ఆ మాట వస్తుందని ఆమెకు తెలుసు. "సూర్యుడు వెనక దిగినాడు, చంద్రుడు ముందర లేస్తాండాడు. మధ్యలో ఉండేది పళ్లెమైతే వెలుతురు దాని అంచుకు తగిలి నీడ గీత మాదిరి పడాల. ఇట్ల వంపు యాడిది?"

అతను మళ్లీ చంద్రుడి వైపు చూశాడు. ఈసారి తన మాట తగిలిందనుకుంది ఆమె.

"నీ దగ్గర అన్నిటికీ జవాబు ఉండాది లక్ష్మీ" అన్నాడు చివరికి. "ఆ డాక్టరు దగ్గర కూడా ఉన్నింది."

ఆ డాక్టరెవరో సాయిలక్ష్మికి తెలుసు. నిరుడు ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అతని అక్క పోయింది. తల్లి లేని అతన్ని ఎత్తుకుని పెంచిన అక్క. చిన్న ఆపరేషనే అన్నారు. డాక్టరు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి, పెన్నుతో చూపిస్తూ ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాడు.

"ఆయమ్మ వద్దనింది. చదువుకున్నోళ్లు చెప్తాండారక్కా, నమ్మమని చెయ్యి పట్టుకొని చెప్పింది నేనే" అన్నాడు శ్రీనివాసులు. "ఇంక నన్ను దేన్నీ నమ్మమనొద్దు. నీకు దండం పెడతా."

అతను నిజంగానే చేతులు జోడించాడు. ఆ చేతులను ఎలా దించాలో ఆమెకు తోచలేదు. చుట్టూ టూరిస్టులు సెల్ఫీలు దిగుతున్నారు. చూస్తుండగానే నీడ తొలగి చంద్రుడు నిండుగా వెలిగాడు. అతను అటు చూడనే లేదు.

ఇంటికి చేరి ఇద్దరూ విడుపు స్నానం చేశారు. ఆమె పొయ్యి వెలిగించి అన్నం వండింది. అతను పీట మీద కూర్చుని, ఫోను నీళ్లచెంబుకు ఆనించి పెట్టుకున్నాడు. అందులో ఎవరో కుర్రవాడు భూమి అంచున ఉన్నాయనే మంచుగోడల గురించి గట్టిగా చెబుతున్నాడు.

"చారు ఇంకొంచెం పొయ్యి" అన్నాడు, ఎప్పటిలా మెత్తగానే.

ఆమె పోసింది. ఫోను ఆపమనడానికి నోరు రాలేదు. అతను తినడం అయ్యేదాకా పక్కనే కూర్చుంది.