మూటలక్క సొంత మూట

చిన్న కత్తెర, వంపు కత్తెర, రెండు పట్టకార్లు. ఒక్కొక్కటీ వేలితో తాకి, పైకి లెక్కపెట్టి, ఆకుపచ్చ గుడ్డ నాలుగు కొనలూ మడిచి టేపు అతికించింది. టేపు మీద మూడు సంగతులు రాసింది: లోపల ఏముందో, ఎప్పుడు కట్టిందో, ఏ రోజులోగా విప్పాలో. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆసుపత్రి నేలమాళిగలో ఆమె పని ఇదే. అందుకే అందరికీ మూటలక్క అయింది. పనిముట్లు శుద్ధిచేసే ఆవిరి యంత్రం పక్కనే బతికి ముంజేతుల మీద వెంట్రుక కూడా మిగల్లేదు.

కళ్ల డాక్టరమ్మ బృందం ఏటా ఆఫ్రికా దక్షిణాన ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లి ఉచితంగా శుక్లాలు తీసి వస్తుంది. పెట్టెలు సర్దేది మూటలక్క, విమానం ఎక్కేది వాళ్లు. కిందటేడు నాలుగో రోజుకే మూటలు అయిపోయాయి. వాడినవి శుద్ధిచేసి మళ్లీ కట్టడం అక్కడ ఎవరికీ చేతకాలేదు. పదకొండు మంది తడుముకుంటూనే ఇంటిదారి పట్టారు. అది విన్నాక మూటలక్కకు వారం రోజులు అన్నం సయించలేదు. "ఈసారి నువ్వే రా అక్కా" అని డాక్టరమ్మ అనగానే, ఎన్నాళ్లని కూడా అడక్కుండా తలూపింది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆమె భర్త ఆమె బట్టల మూటతో వచ్చాడు. ఉత్తరాలూ పార్సిళ్లూ మోసి మోసి రిటైరైన పోస్టుమాన్. పొద్దున ఇంట్లో అలవాటుకొద్దీ ఆమె తన బట్టల్నీ ఆకుపచ్చ గుడ్డలో కట్టి టేపు వేసేసింది. గడువు తేదీ మాత్రం ఖాళీగా వదిలింది.

"నన్ను కూడా ఓ గుడ్డలో చుట్టి తీసుకుపోరాదూ?"

"మీకు సరిపడే గుడ్డ మా దగ్గర లేదులెండి."

మూటను ఆఖరి పెట్టెలో అడుగున దూర్చి, మిగతావి పేర్చి తూకం వేశారు. మూడు కిలోలు ఎక్కువ చూపించింది.

"ఆరు మూటలు తీసెయ్ అక్కా. వేరే దారి లేదు," అంది డాక్టరమ్మ.

ఆరు మూటలంటే రోజుకు ఆరుగురి చూపు. మళ్లీ ఎవరో ఒకరిని వెనక్కి పంపాలా? మూటలక్కకు ఒళ్లు మండింది. పెట్టె అడుగు నుంచి తన బట్టల మూట లాగేసింది. ముల్లు సరిగ్గా గీత మీద నిలిచింది.

"మరి నీకో?" అన్నాడు భర్త.

"కట్టుకున్నదొకటి, చేతిసంచిలో ఒకటి. ఉతుక్కోవడం నాకు కొత్తా?"

"అక్కడ ఇప్పుడు చలికాలమటే!" అంటూ, ఎండాకాలంలో కూడా విప్పని తన స్వెటర్ విప్పి ఆమెకు తొడిగాడు. "ఒంటి మీదున్నది తూకం వెయ్యరుగా."

ఆమెకు నవ్వూ, ఏడుపూ కలిసే వచ్చాయి. వ్యాను హారన్ కొట్టింది. తిరిగొచ్చే తేదీ అప్పుడు డాక్టరమ్మని అడిగి, జేబులో పెన్ను తీసి మూట మీద ఏదో గీకి, ఆయన చేతిలో పెట్టి ఎక్కేసింది. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి స్వెటర్ చెయ్యి ఊగుతూనే ఉంది.

ఆయన మెట్ల మీద కూలబడి, ఎన్ని వేల చిరునామాలో చదివిన కళ్లకు జోడు తగిలించుకున్నాడు.

విప్పే రోజు: ఇరవై ఒకటో తేదీ. విప్పేది: నేనే.

ఇంటికి వెళ్లాక ఆయన దాన్ని బీరువాలో పెట్టలేదు. మంచం మీద ఆమె పడుకునే వైపు, టేపు పైకి కనబడేలా ఉంచాడు ఆ ఆకుపచ్చ మూటని.