కలరు పెద్దదా, సీక్వెన్సు పెద్దదా

వెంకట్రాజుగారికి పేకాటలో తెలియనిది లేదని ఉండి ఊరి నుంచి కైకలూరు దాకా పేరు. ఆ పేరు సంపాదించడానికి ఆయన ముప్ఫై ఏళ్ళూ, రెండెకరాల వరి చేనూ ఖర్చుపెట్టారు. అంత ఖరీదు పెట్టి కొనుక్కున్న పేరు గనక, దాన్నెవరైనా కాస్త కదిపితే ఊరుకోరు.

అలాంటి మనిషిని కొలంబో తీసుకెళ్ళడం గోపీచంద్‌కి పెద్ద పనేం కాలేదు. గోపీచంద్ కాసినో ఏజెంటు. ఐదు లక్షలు ముందే కడితే అక్కడ అంత విలువకీ బిళ్ళలిస్తారు. విమానం, గది, తిండి అన్నీ ఉచితం. ఉచితం అన్నమాట చెవిన పడ్డాక మనవాళ్ళు మిగతా మాటలు వినరు. పైగా పోలీసుల భయం లేకుండా పేకాడుకునే చోటంటే రాజుగారికి తీర్థయాత్రతో సమానం.

ఆ ఐదు లక్షలూ ఎక్కడివో చెప్పాలి. కైకలూరు పక్కన నాలుగెకరాల రొయ్యల చెరువుంది. రాజుగారి భార్య తులసికి పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. కాగితాల్లో ఆమె పేరున ఉంది, పని కూడా ఆమే చూసుకుంటుంది. పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి, నీళ్ళలోంచి చెక్‌ట్రే ఎత్తి, నిన్నటి మేత ఎంత మిగిలిందో చూసి, ఇవాళ ఎంత వెయ్యాలో కూలీలకు చెప్పేది ఆమే. ఆ డబ్బు వచ్చే పంటకు రొయ్యపిల్లకనీ, మొదటి నెల మేతకనీ తీసిపెట్టుకున్నది. అది పోతే చెరువు మూడేళ్ళ లీజుకి పక్క చెరువు సూర్యనారాయణ చేతిలోకి వెళ్తుంది. ఆయన ఇప్పటికే రెండుసార్లు ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఆడవారికి ఈ ఎండలో శ్రమ ఎందుకండీ అని జాలిపడి వెళ్ళాడు. ఆ జాలి తలుచుకుంటే తులసికి ఒళ్ళు మండుతుంది.

ఆమె వద్దంది. బతిమాలింది. రెండు రోజులు అన్నం మానేసింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి అయితే నేనూ వస్తానని బయల్దేరింది. వచ్చి చేసేదేమిటో ఆమెకూ తెలియదు. కళ్ళ ముందే పోతే కనీసం ఎలా పోయిందో చూడొచ్చనుకుంది.

మొదటి రెండు రోజులూ చక్రం ఆట లక్ష రూపాయలు మింగింది. పోయిన చోటే వెతుక్కోవాలన్నది పేకాటరాయుళ్ళ వేదవాక్యం కదా, మూడో రోజు పొద్దున రాజుగారు ఆ చక్రాన్ని తిట్టి, మిగిలిన నాలుగు లక్షలతో పేకాట బల్ల దగ్గర కూర్చున్నారు. సాయంత్రం ఐదింటికి విమానాశ్రయానికి బస్సు.

ఆటేమిటో విమానంలోనే గోపీచంద్ చెప్పేశాడు. చేతికి రెండు ముక్కలేస్తారు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు విప్పుతారు. ఆ ఏడింటిలో మంచివి ఐదు ఎవరికి కుదిరితే వారిదే ఆట. మిగతాదంతా మన మూడు ముక్కలాటేనండీ అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, రాజుగారు ఇంకేమీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు అడగడమేమిటి, నామోషీ.

తులసిని కుర్చీకి రెండడుగుల వెనక నిలబడమన్నారు. ముక్కలు పంచే అమ్మాయి ఇంగ్లీషులో ఏదో హెచ్చరించింది. ఆడేవారికి వెనకనుంచి ఎవరైనా సలహా చెబితే ఆ ఆట చెల్లదనీ, అప్పటిదాకా పెట్టిన బిళ్ళలు పోయినట్టేననీ గోపీచంద్ అర్థం చెప్పాడు.

మధ్యాహ్నం రాజుగారు బాత్రూముకి వెళ్ళినప్పుడు తులసి ఒక సంగతి చూసింది. ఇద్దరు తెల్లవాళ్ళు పోటీపడి పెంచుకుంటూ పోయి చివరికి ముక్కలు విప్పారు. ఒకడికి ఐదూ వరుసగా ఉన్నాయి, సీక్వెన్సు. రెండోవాడికి ఐదూ ఇస్పేట్లే, అంటే కలరు. బిళ్ళలన్నీ కలరువాడికి వెళ్ళాయి. తులసి కళ్ళు నులుముకుంది. మూడు ముక్కలాటలో కలరుని సీక్వెన్సు కొడుతుంది. ఆ సంగతి తమ వైపు బడిపిల్లలక్కూడా తెలుసు. ఇక్కడ తిరగబడింది. పంచే అమ్మాయి పొరబడిందేమో అనుకుంది. గోడకున్న బొమ్మల పట్టీ వెతికి చూసింది. అందులోనూ కలరే పైన ఉంది.

ఆయన తిరిగి వస్తుంటే ఎదురెళ్ళి చెప్పబోయింది. ఆట మధ్యలో నస పెట్టకు, కలిసిరాదు అని ఆయన చెయ్యి విసిరి వెళ్ళి కూర్చున్నారు.

మూడు గంటలు దాటింది.

రాజుగారికి జాకీ, పది పడ్డాయి. బల్ల మీద మొదట ఆటీను తొమ్మిది, ఆటీను ఏడు, కళావరు రెండు విప్పారు. నాలుగోది ఇస్పేటు ఎనిమిది. ఏడు నుంచి జాకీ దాకా ఐదూ వరుసగా అమరాయి. రాజుగారు ఉంగరం తిప్పడం మొదలెట్టారు. ఆయన ఉంగరం తిప్పితే ముక్క పడిందని భార్యకు ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు. ఆ తిప్పుడులోనే రెండు లక్షల బిళ్ళలు బల్ల మధ్యకు వెళ్ళాయి. ఎదురుగా టోపీ పెట్టుకున్న ముసలాయన తనూ అంతే పెట్టాడు. మిగతావాళ్ళు ముక్కలు పడేసి ఊరుకున్నారు.

ఐదో ముక్క ఆటీను రాజు.

బల్ల మీద మూడు ఆటీన్లయ్యాయి. ముసలాయన ఆ ముక్కను కాసేపు చూసి, రెండు లక్షల విలువైన బిళ్ళలు మెల్లగా ముందుకు తోశాడు. రాజుగారి ముందు మిగిలింది సరిగ్గా అంతే. ఒప్పుకుంటే అదంతా పెట్టాలి.

రాజుగారు నవ్వారు. ఆయన ఏమనుకుంటున్నారో తులసికి చదివినట్టు తెలిసింది. ముసలాడికి కలరు పడింది, పడనీ, మనది సీక్వెన్సు. బిళ్ళల మీద చెయ్యి వేశారు.

ముసలాయన చేతిలో రెండు ఆటీన్లున్నాయో లేవో తులసికి తెలియదు. ఉంటే మాత్రం తన చెరువు ఈ నిమిషంతో సరి. మాట్లాడితే సగం పోతుంది. మాట్లాడకపోతే అంతా పోవచ్చు. పైగా ఒక పని మీదున్న మనిషిని వెనకనుంచి పిలవకూడదని అత్తగారు కాపరానికొచ్చిన మొదటి రోజే చెప్పారు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ పిలవలేదు. రెండెకరాల చేను అమ్మకానికి సంతకం పెట్టడానికి ఆయన గుమ్మం దిగిన రోజున కూడా నోరు నొక్కుకుని నిలబడింది. అది గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆయన వేళ్ళు బిళ్ళల్ని కదిలించాయి.

"ఏవండీ, ఆగండి. ఇక్కడ సీక్వెన్సు కన్నా కలరే పెద్దదండి."

బల్ల చుట్టూ తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పంచే అమ్మాయి చెయ్యెత్తింది. ఎవరో కోటువాడొచ్చాడు. గోపీచంద్ పరుగున వచ్చి, మాటకు మాట తర్జుమా చేసి, ఆట చెల్లదంటున్నారండీ అన్నాడు. రాజుగారికి అదేం వినపడలేదు. కలరు పెద్దదా అని గోపీచంద్‌ని అడిగారు. గోపీచంద్ కోటువాణ్ణి అడిగాడు. కోటువాడు తలూపాడు. రాజుగారి మొహం నల్లబడింది. ముప్ఫై ఏళ్ళ పేరు అక్కడ, అదే విమానంలో వచ్చిన ఊరివాళ్ళు నలుగురి ముందు, భార్య నోటి మీదుగా పోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ముసలాయన బిళ్ళలు దగ్గరకు లాక్కుంటూ, సరదా పుట్టిందో ఏమో, తన రెండు ముక్కలూ తిరగేసి చూపించాడు. ఇస్పేటు నాలుగు, డైమను ఆసు. కలరూ లేదు, సీక్వెన్సూ లేదు, జత కూడా లేదు. వట్టి బెదిరింపు.

"మీదేనండి రాజుగారూ ఆట," అన్నాడు గోపీచంద్ నీరసంగా.

తులసి కుర్చీ వీపు పట్టుకుంది. తప్పు చేశానా అనుకుంది. రాజుగారు వెనక్కి తిరిగారు. గొంతు పెంచలేదు. ఆయన కోపంలో గొంతు పెంచే మనిషి కాదు.

"ఎనిమిది లక్షలు. నీ నోరు ఊరుకుంటే ఈపాటికి ఎనిమిది లక్షలతో లేచేవాణ్ణి."

నిజమే. లెక్కలో తప్పు లేదు. తులసి ఆ మాటనే పట్టుకుని ఆలోచించింది. బస్సుకింకా గంటన్నర పైనే టైముంది. తర్వాత ఆమె అడిగిన దాంట్లో ఎత్తిపొడుపేం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"లేచేవారా అండీ?"

రాజుగారు మళ్ళీ బల్ల వైపు తిరిగి, మిగిలిన రెండు లక్షల బిళ్ళల మీద అరచెయ్యి బోర్లించారు. ఆయన మాట బతిమాలినట్టు వినపడింది.

"ఇంకొక్క ఆట, తులసీ. ఇప్పుడు తెలిసింది కదా, కలరే పెద్దదని."

తులసి వెనకనుంచి ఆయన పక్కకు వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని, బిళ్ళల మీదనుంచి వేళ్ళు ఒక్కొక్కటే తప్పించింది. పదిమందీ చూస్తున్నారు గనకో, మరెందుకో, ఆయన ఆపలేదు. బిళ్ళలన్నీ సంచిలోకి దింపుకుని ఆమె డబ్బిచ్చే కౌంటరు వైపు నడిచింది. ఈ డబ్బుకి నాలుగెకరాలకూ సగానికి తక్కువ రొయ్యపిల్లే వస్తుంది. పలచగా వేసుకోవాలి.

రాజుగారు కుర్చీలోనే ఉన్నారు. పంచే అమ్మాయి ఆయన ముందున్న ఖాళీ చోటు చూసి, ఆయన్ని దాటి పక్కవాడికి ముక్కలు వేసింది.