మూడు కొట్టి ఆగే చెయ్యి

పాపని జోకొట్టేటప్పుడు మా అత్తయ్య చెయ్యి మధ్యలో ఆగుతుంది. మూడుసార్లు తడుతుంది, ఆగుతుంది, తర్వాత గబగబా రెండుసార్లు తడుతుంది. మళ్ళీ మూడు, మళ్ళీ ఆగడం. చెయ్యి ఆగినప్పుడు పాప కూడా ఊపిరి బిగబట్టినట్టు అనిపించేది నాకు. మొదట్లో నిద్రమత్తులే అనుకున్నాను. తర్వాత, చేతికి ఏదో జబ్బు మొదలైంది, ఎవరికీ చెప్పకుండా దాస్తోంది అనుకున్నాను. నరాల జబ్బులు అలాగే మొదలవుతాయని ఎక్కడో విన్నాను. ఈ రోజు ఆగిన చెయ్యి రేపు పాపని ఎత్తుకుని మెట్లు దిగుతున్నప్పుడు ఆగితే? అప్పటినుంచి ఏదో వంక పెట్టి పాపని తీసేసుకునేదాన్ని. "పాలకి టైమయింది అత్తయ్యా." "తడిపినట్టుంది అత్తయ్యా." ఆవిడ ఖాళీ అయిన ఒడిని ఒకసారి దులుపుకుని లేచేది.

నాకు అనుమానాలు ఎక్కువే, ఒప్పుకుంటాను. పాప కదలకుండా పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. గొళ్ళెం వేసి వచ్చి మళ్ళీ వెళ్ళి లాగి చూస్తాను. "నీకు గోడని చూసినా అనుమానమే," అంటాడు మా ఆయన. "చదువు మధ్యలో ఆపేస్తే బుర్ర ఇలాగే ఖాళీగా ఉంటుంది కాబోలు." ఆ చదువు తనంతట తను ఆగలేదు. పరీక్షలదేముంది, పెళ్ళయ్యాక రాసుకోవచ్చులే అన్నది ఆయనే. పెళ్ళయ్యాక, పాప పుట్టాక చూద్దాం అన్నాడు. పాప పుట్టాక ఆ మాటే ఎత్తడం లేదు.

మా ఇంటి ముందు భాగం కార్ల షెడ్డు. మావయ్య పెట్టారు, ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నాడు. రిపేర్లతో పాటు సీటు కవర్లు కూడా వేస్తారు. కవర్లు కుట్టేది నేను, వెనక గదిలో, పాప ఉయ్యాల పక్కన. కొలతలు ఆయన తెస్తాడు, ఏదో ఒక చిత్తుకాగితం మీద గీకి. అందులో సగం తప్పులే. కవరు బిగుతై కూర్చోకపోతే, "కత్తెర ఎటో, చూపు ఎటో," అని నా ముందు విసిరి పోతాడు. కుట్లు విప్పి మళ్ళీ వేస్తాను. ముడత లేకుండా కూర్చుంటే మాత్రం షెడ్డులోంచి నాకు వినబడుతుంది. "నీ చేతిలో పనితనం ఉందయ్యా!" "ఏదో అలవాటైపోయింది సార్," అంటాడు మా ఆయన, సిగ్గుపడుతున్నట్టు. నేనే వచ్చి కొలుచుకుంటానని ఒకసారి అడిగాను. "వచ్చినవాళ్ళ ముందు టేపు పట్టుకుని సీట్ల మధ్య దూరతావా? ఏం బాగుంటుంది?" అన్నాడు. అక్కడితో అయిపోయింది.

ఒక ఆదివారం రికార్డులాయన వచ్చాడు. ఆయన పేరు చెప్పాడు గానీ మా ఇంట్లో అందరికీ ఆయన రికార్డులాయనే. మెడలో కెమెరా, సంచిలో తెల్లటి చేతి తొడుగులు. ముప్పై నాలుగేళ్ళ కిందట మా షెడ్డులోనే, సాయంత్రం షట్టరు దించేశాక, నలుగురు కలిసి గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని రాక్ పాటలు వాయించేవాళ్ళట. వాళ్ళ బృందం పేరు 'గ్రీజు మరకలు'. జీవితంలో ఒకే ఒక్క రికార్డు వేశారట. చిన్న రికార్డు, అటొక పాట, ఇటొక పాట. ఇప్పుడు అలాంటివి వెతికి వినేవాళ్ళు ఎక్కడెక్కడో పుట్టుకొచ్చారని, అందరూ దీనికోసమే తిరుగుతున్నారని, ఎంత వెతికినా గీతలు పడిందొక్కటే దొరికిందని అన్నాడు. దాన్ని మళ్ళీ అచ్చు వేస్తాడట, బృందం కథతో సహా. నలుగురిలో ఇద్దరు పోయారు, ఒకాయన ఎక్కడున్నాడో తెలియదు. మిగిలింది డ్రమ్ములు వాయించినాయన.

"అది నేనే," అన్నారు మావయ్య.

పెళ్ళై వచ్చిన నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఈ ముక్క నేను వినలేదు. మా ఆయన కూడా వినలేదు. అయినా అప్పుడే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. నాకేమో రికార్డులాయన మీద అనుమానం. మాట్లాడుతూ మాట్లాడుతూ మా అటకల వైపు చూస్తున్నాడు. ఎవరి పాత సామానో ఎవరికి కావాలి, ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. అంతలో అత్తయ్య కనపడలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే, పొద్దున నేను తోమిపెట్టిన గిన్నెలన్నీ మళ్ళీ తోముతోంది.

దాంతో నా అనుమానం రికార్డులాయన్ని వదిలి ఆవిడ మీదికి మళ్ళింది.

ఆ వారంలోనే నాకు రికార్డు దొరికింది. హెడ్‌రెస్ట్ కవర్లకి అట్టముక్కలు కత్తిరించి పెట్టుకుంటాం, అవి పెట్టి గుడ్డ మీద సుద్దతో గీస్తాం. నా ముందు ఆ కుట్టుపని అత్తయ్యదే, అట్టల కట్ట కూడా ఆవిడదే. కట్ట అడుగున రెండు అట్టల మధ్య, పసిపిల్లల మెత్తటి గుడ్డలో చుట్టి ఉందది. ఒక్క గీత కూడా లేదు. నల్లగా, తడి ఆరని బొగ్గులా మెరుస్తోంది. దాని అట్ట తొడుగు మీద నలుగురి ఫోటో. గిటార్లతో ముగ్గురు, డ్రమ్ముల వెనక మావయ్య. నాకు మొదట తోచింది చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఈ ముగ్గురిలో ఎవడో ఒకడు, అనుకున్నాను. లేకపోతే ఇన్నేళ్ళు ఇంత భద్రంగా ఎందుకు దాస్తుంది? నా బుద్ధి అటే పోయింది, అంతకంటే ముందుకు పోలేదు.

కానీ ఆ ఫోటోలో ఏదో సరిగ్గా లేదు. రోజూ సీట్లతో పని చేసేదాన్ని కదా, సీటు చూస్తే కూర్చునే మనిషి తెలుస్తాడు నాకు. మావయ్య ఆరడుగుల మనిషి. ఆ స్టూలు మీద మోకాళ్ళు ఛాతీకి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. డ్రమ్ములన్నీ ఎవరో పొట్టి మనిషికి అందేలా కిందికి దించి ఉన్నాయి. స్టూలు మీద మెత్త ఉంది, అంచుకి జంటకుట్టు వేసి. ఆ కుట్టు నాకు తెలుసు. నాకు నేర్పింది అత్తయ్యే.

రికార్డు చూపించలేదు ఎవరికీ. రెండో ఆదివారం రికార్డులాయన పాటని ఫోన్‌లో ఎక్కించుకుని వచ్చాడు. నేను పాపని చంకనేసుకుని వంటగదిలో టీ పెడుతున్నాను. ముందు గదిలో పాట మొదలైంది. గరగరమని గిటార్లు, ఎవరో గొంతు చించుకుని అరుపు, వాటి కింద డ్రమ్ములు. మూడు దెబ్బలు. ఆగడం. రెండు దెబ్బలు.

చంకలో పాప ఊపిరి బిగబట్టింది. రెండు దెబ్బలూ పడ్డాక వదిలింది.

టీ పొంగి స్టవ్వు మీద పడింది. నేను కదల్లేదు. "ఆ కొట్టకుండా వదిలిన దెబ్బ ఉంది చూశారా," అంటున్నాడు రికార్డులాయన, "అలా ఆపడానికి గుండె ఉండాలండీ! మా వాళ్ళందరూ దాని గురించే మాట్లాడుకుంటారు."

"అది నేను కావాలనే వదిలాను," అన్నారు మావయ్య. "శబ్దం కంటే నిశ్శబ్దం గొప్పదని అప్పటికే నాకు తెలుసు."

"ఒక్కసారి బల్ల మీద కొట్టి చూపిస్తారా? కెమెరాలో పెడతాను."

"భుజం పట్టేసిందయ్యా."

ముందురోజే ఆయన కారు టైరు రెండు చేతులా ఎత్తి దొర్లించడం నేను చూశాను.

మర్నాడు గుడ్డ కత్తిరిస్తున్న అత్తయ్య ముందు ఆ అట్టల కట్ట పెట్టాను. ఆవిడ కట్టని చూసింది, నన్ను చూసింది.

"ఎందుకు దాచారు?" అన్నాను.

"దాచలేదే. పారెయ్యలేదు, అంతే."

"చెప్పొచ్చుగా అత్తయ్యా, మీరే అని."

"ఎవరడిగారు?" అంది. కత్తెర ఆపకుండా, నవ్వు కూడా కాని ఒక నవ్వుతో. "ఫోటో రోజుకి నాకు కడుపు ఎత్తుగా ఉంది. రికార్డు అట్ట మీద అలా కనపడితే బాగోదన్నారు. మీ మావయ్యని కూర్చోబెట్టారు. ఫోటోలో ఎవరుంటే వాళ్ళ పేర్లే వేశారు. తర్వాత మీ ఆయన పుట్టాడు. డ్రమ్ములు ఎవరో పట్టుకుపోయారు. ఇంక అదేం మాట్లాడతాం?"

ఆ రోజంతా నాకు కుట్టు తిన్నగా పడలేదు. వచ్చే ఆదివారం ఒప్పందం కాగితం మీద మావయ్య సంతకం. కొత్త అట్ట మీద డ్రమ్ముల పక్కన మళ్ళీ మావయ్య పేరే పడుతుంది, ఈసారి కథతో సహా, ఎక్కడెక్కడి వాళ్ళో చదువుకునేలా. నోరు విప్పితే ఇంట్లో ఎవరి మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. మా ఆయనకి ఏదో వాసన వచ్చినట్టుంది. "ఆ కాగితం అయ్యేదాకా నువ్వు ఇందులో దూరకు. నాన్న పరువు," అన్నాడు. పరువు అన్నప్పుడల్లా నేను నోరు మూసుకుంటాను. అలవాటు.

ఆదివారం అందరూ ముందు గదిలో. రికార్డులాయన చిన్న స్పీకరు తెచ్చాడు, కెమెరా నిలబెట్టాడు, కాగితాలు పరిచాడు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పాట మోగుతుండగా సంతకం పెడుతున్నట్టు తీస్తాడట. పాప నా చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. "లోపలికి తీసుకెళ్ళు," అన్నాడు మా ఆయన పళ్ళ మధ్యనుంచి.

అత్తయ్య టీ పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను వెళ్ళి ఆ పళ్ళెం తీసుకుని పక్కన పెట్టాను. పాపని ఆవిడ చేతుల్లో పెట్టాను. "జోకొట్టండి అత్తయ్యా. నా వల్ల కావడం లేదు."

మూడు నెలలుగా పాపని లాక్కున్న చేతులు నావి. ఆవిడ నా మొహంలోకి చూసింది, చాలాసేపు చూసినట్టు అనిపించింది. తర్వాత స్టూలు లాక్కుని కెమెరా ఎదురుగానే కూర్చుంది. పాట మొదలైంది. మూడు దెబ్బలు. చెయ్యి ఆగింది. రెండు దెబ్బలు.

రికార్డులాయన తల తిప్పాడు. కాసేపు ఆవిడ చేతినే చూశాడు. మెల్లగా వంగి స్పీకరు కట్టేశాడు.

పాట ఆగింది. చెయ్యి ఆగలేదు. మూడు, ఖాళీ, రెండు. వెంట్రుక వాసి తేడా లేదు.

"ఇంట్లో ఆ రికార్డు వినీ వినీ వచ్చేసిందిలే," అన్నారు మావయ్య, పెన్ను మూత పెట్టి తీసి పెట్టి.

"ఈ ఇంట్లో రికార్డు మోగించే పెట్టె ఎప్పుడూ లేదు కదా మావయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అట్టల కట్ట తెచ్చి, మెత్తటి గుడ్డ విప్పి, రికార్డులాయన ముందు పెట్టాను. ఆయన చేతి తొడుగులు వేసుకోవడం కూడా మర్చిపోయాడు. దాన్ని ముట్టుకోలేదు. అత్తయ్య వైపే తిరిగాడు.

"అమ్మగారూ... ఆ దెబ్బ ఎందుకు వదిలేశారు?"

"వదల్లేదండీ," అంది అత్తయ్య, మా ఆయన వైపు గడ్డం చూపిస్తూ. "వీడు తన్నాడు. ఏడో నెల. చెయ్యి ఆగిపోయింది. రికార్డింగువాళ్ళు మళ్ళీ మొదటినుంచి వాయించే వీల్లేదన్నారు. సరే, తర్వాత రౌండులో కూడా అక్కడే ఆపాను. ఆ తర్వాతా ఆపాను. ప్రతిసారీ ఒకేచోట ఆపితే తప్పు అనరు కదా."

మా ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రికార్డులాయన కాగితం మీద ఒక గీత కొట్టి, "మీ పేరు చెప్పండమ్మా," అన్నాడు.

"ఉండండి," అంది అత్తయ్య. "పాప నిద్రపోనివ్వండి."

పాప నిద్రపోయింది. ముక్కు కింద వేలు పెట్టి చూడబోయి మానేశాను. ఆ చేతుల్లోంచి తీసుకోలేదు కూడా. వెనక గదిలోకి వెళ్ళి టేపు మెడలో వేసుకుని, అందరి మధ్యనుంచి షెడ్డు వైపు నడిచాను. అక్కడ పొద్దుననగా వచ్చిన కారు ఉంది, దాని మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన.

"కొలతలకి," అన్నాను. "నేను కుట్టే సీటు నేనే కొలుచుకుంటాను."