నలభయ్యో ముక్క

ముప్ఫై తొమ్మిదో ముక్కకు చివరి కుట్టు వేసి, దారాన్ని పళ్ళతో కొరికి, కాలిపా ఆ చొక్కాను మోకాలి మీద పరుచుకుంది. జానెడు చొక్కా. పువ్వుల చీటీ గుడ్డ, ఎవరి కోటు లోపలిదో నల్ల సాటిను, బడిపిల్ల రిబ్బను, పెళ్ళినాటి మఖమలు, ఇలా ఇంటికొక ముక్క. ఎడమ రొమ్ము దగ్గర అగ్గిపెట్టెంత ఖాళీ మిగిలింది. అక్కడ పడాల్సిన ముక్క ఇంకా రాలేదు.

రేపటికి మనవడికి నలభై రోజులు. నలభై చెంచాల నీళ్ళు పోసి, నలభై ఇళ్ళ ముక్కల చొక్కా తొడిగితే గానీ బిడ్డను గడప దాటించరు. ఈ లోయలో ఎవరి కడుపున పుట్టినా అంతే. ముందే దాటిస్తే దిష్టి తగులుతుంది, గాలి సోకుతుంది, పేరు పలక్కూడనివి ఇంకా ఏవేవో సోకుతాయి.

కోడలు బర్చినాయ్ ఇప్పటికి ముగ్గుర్ని కని ముగ్గుర్నీ మట్టికిచ్చింది. ఒకడు ఇరవై రోజులున్నాడు. ఒకత్తె మూడు నెలలుంది. మూడోది ఏడవనైనా ఏడవలేదు. నాలుగోవాడికి తొక్తోసున్ అని పేరు పెట్టారు, వీడైనా బతికి నిలవాలని. వాడు పాలు తాగుతూ తాగుతూ మధ్యలో అలిసిపోతాడు. పెదాలు సిరా అంటుకున్నట్టు నీలంగా ఉంటాయి.

కాలిపాకు అరవై మూడేళ్ళు. ఊళ్ళో ఏ ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళినా వెంట వెళ్ళే పరుపుల దొంతర ఆమె చేతిదే. ఉన్నిని రెండు సన్నని బెత్తాలతో చితకబాదుతుంది. తిరగేసిన గలేబు మీద పరిచి, మూలల్లో పిడికెడు ఎక్కువ వేసి, చాపలా చుట్టి, మూతిలోంచి లోపలిది బయటికి లాగుతుంది. ఆపైన బారెడు దారంతో కుట్లు. నలభై అయిదేళ్ళుగా అదే పని. కుడి బొటనవేలు పక్కకు వంగిపోయింది, ఉన్ని దుమ్ముకి దగ్గు పట్టుకుంది. అలాగని ఆమెను ఎవరూ తలచుకున్నది లేదు. పరుపు మీద పడుకున్నవాడు కుట్టినదాన్ని తలచుకుంటాడా ఎక్కడైనా!

"అత్తయ్యా, వీడు పొద్దుట్నించి ఒక్కసారే తాగాడు," అంది బర్చినాయ్ చెక్క ఉయ్యాల పక్కనుంచి.

"ఒక్క రోజే కదమ్మా. ఓపిక పట్టు."

"నర్సు వెంటనే నారిన్ ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. వెంటనే అని పందొమ్మిది రోజులైంది."

"ఆ ఒక్క ముక్కా తెచ్చేస్తాను. రేపు పొద్దున్నే మీ ఆయన కారు తీస్తాడు."

ఆ ఆయన, సాగిన్, పొయ్యి దగ్గర కూర్చుని బూటు లేసులు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు. తల్లి మాటకు ఎదురు చెప్పని కొడుకని ఊళ్ళో మంచి పేరు. ఆ పేరు ఎందుకు పనికొస్తుంది?

మిగిలింది ఉమ్సునాయ్ ఇల్లు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. పదకొండు మందిని కని ఒక్కర్నీ పోగొట్టుకోలేదు. చొక్కా కుట్టే ప్రతివాళ్ళూ ముందు ఆ గుమ్మానికే పరిగెడతారు. కాలిపా మాత్రం మిగతా ఇళ్ళన్నీ తిరిగి దాన్ని ఆఖరికి పెట్టుకుంది. పెట్టుకోవడం కాదు, తప్పించుకు తిరిగింది.

మోకాలి లోతు మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. ముసలమ్మ కిటికీ కింద నాలుగు పరుపుల మీద కూర్చుని, ఎండిన పెరుగు ఉండను బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది.

"ఎవరూ, కాలిపాయేనా? నీ దగ్గు వీధి చివర్నించే వినపడింది. ముప్ఫై తొమ్మిది కొంపలూ తిరిగావట. నేను గుర్తు రావడానికి నేను చావాలనుకున్నావా?"

"అదేం మాట పెద్దక్కా. నీ గుడ్డ లేకుండా చొక్కా అవుతుందా?"

"కత్తెర తెచ్చావా? ఇదిగో, కట్టుకున్న దాన్లోంచే తీసుకో. ఒంటి వేడి తగిలిన గుడ్డ మంచిది."

ముసలమ్మ గౌను అంచు ముందుకు చాపింది. గోధుమరంగు మీద తెల్ల చుక్కలు. కాలిపా కత్తెర తెరిచి, మళ్ళీ మూసింది. అబద్ధం మీద తెచ్చిన గుడ్డ బిడ్డ గుండె మీద పడుతుంది. మూడు సమాధులు చాలవా?

"పెద్దక్కా, నీకో మాట చెప్పాలి. చెప్పాక గుడ్డ ఇస్తావో, మొహాన ఉమ్మేస్తావో నీ ఇష్టం."

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ప్రభుత్వ గొర్రెల మందలన్నీ మాయమై, ఊరంతా పస్తులున్న చలికాలం. ఉమ్సునాయ్ కూతురు సెయిల్ పెళ్ళికి ఏడు పరుపులు కుట్టమని ఉన్ని ఇచ్చారు. కాలిపా భర్త పోయి అప్పటికి నెల. ఇంట్లో పిండి నిండుకుంది. ఆ ఉన్నిలో ఒక బస్తా ఇచ్చి పిండి తెచ్చుకుంది. పరుపులేమో ఏడూ కావాలి. మొగుడు ప్రాణం విడిచిన పరుపు విప్పి, ఆ ఉన్ని ఉతికి, పెళ్ళికూతురి ఎర్రమఖమలు పరుపులో కూరింది. చచ్చినవాడి ఉన్ని పెళ్ళిపరుపులోకి పోకూడదని ఆమెకు తెలియదా? ఊరందరికీ చెప్పేదే ఆమె.

"నా ఇంట్లో బిడ్డ పోయినప్పుడల్లా అదే అనుకున్నాను పెద్దక్కా. నేను కూరిన చావు నా గడపకే తిరిగొచ్చిందని." కాలిపా కత్తెర కింద పెట్టింది. "నీ కూతుర్ని నేనేం చేశానో అని ఇన్నేళ్ళూ అడగలేకపోయాను. కనుమ అవతలి ఊరు. ఎవరైనా తన పేరెత్తితే లేచి అవతలికి పోయేదాన్ని."

ఉమ్సునాయ్ బుగ్గలోని ఉండ తీసి అరచేతిలో పెట్టుకుంది.

"నా ఉన్నితో రొట్టెలు కాల్చుకు తిన్నావన్నమాట."

"తిన్నాను."

"దొంగముండా," అంది ముసలమ్మ, పెద్ద కోపం లేకుండానే. "ఎర్రమఖమలుదేనా? సెయిల్ నలుగురు పిల్లలూ దాని మీదే పుట్టారే. చిన్నవాడు మొన్న పక్కింటివాళ్ళ గుర్రం ఎక్కి రెండు పళ్ళు రాలగొట్టుకున్నాడు. ఇప్పటికీ దాన్నే ఎండేస్తారు, దాని మీదే పొర్లుతారు. ఏం కాలేదు. ఉన్ని ఉన్నే."

గుండె తేలికపడాలి కదా! పడలేదు. ఇన్నేళ్ళూ ఆమెకు మనవల చావులకి ఒక కారణమంటూ ఉంది. తన తప్పే కారణమైతే, తను ఒప్పుకుంటే ఆ పీడ పోతుంది. ఆ ఆశ మీదే బతికింది. ఇప్పుడు ఆ తప్పు కూడా చేతిలోంచి జారిపోయింది.

"మరి నా వాళ్ళెందుకు పోతున్నారు పెద్దక్కా?"

"నాకేం తెలుసు. ఆ నర్సు పిల్ల ఏమంది?"

"గుండెలో బెజ్జం ఉందంది. వెంటనే తీసుకెళ్ళమంది."

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావు మరి?"

"నలభై నిండలేదు కదా. నీ పదకొండు మందినీ నలభై నిండాకేగా గడప దాటించావు."

"దాటించాను. నా పిల్లల గుండెల్లో బెజ్జాలు లేవే, పిచ్చిదానా."

ముసలమ్మ కత్తెర తనే లాక్కుని, అంచు కత్తిరించి, ఆ ముక్కను కాలిపా గుప్పిట్లో పెట్టి మూసింది. కాలిపా బూటులో కాలు సరిగ్గా పెట్టకుండానే పరిగెత్తింది. దారిలో రెండుసార్లు పడింది.

"కారు తియ్యరా, ఇప్పుడే," అంది గుమ్మంలోంచే.

సాగిన్ లేచాడు. బర్చినాయ్ అత్తగారి వంక చూసింది. ఆ చూపు తిట్టయినా బాగుండును.

"ఇవాళ నలభై కాదు కదా అత్తయ్యా."

"తప్పయిపోయిందమ్మా. పోండి. ముందు పోండి."

గడ్డకట్టిన ఇంజను మీద సాగిన్ వేడినీళ్ళు పోస్తుండగా కాలిపా ఆ చుక్కల ముక్క కుట్టింది. నలభై అయిదేళ్ళలో అంత వంకర కుట్టు ఆమె చేతి నుంచి పడలేదు. సూది రెండుసార్లు వేలిలో దిగింది. బర్చినాయ్ ఉయ్యాల కట్లు విప్పి పిల్లవాడిని తీసి, చొక్కా తొడిగింది. దుప్పట్లు చుట్టింది. కాలిపా శాలువా అందుకోబోయింది.

"మీరు రావద్దు," అంది బర్చినాయ్.

కారు పోయింది. కాలిపా వాకిట్లోనే నిలబడింది, చెవులు మొద్దుబారేదాకా. తర్వాత లోపలికొచ్చి టీ కాచుకుంది, తాగలేదు. బెత్తాలు తీసి ఉన్ని కొట్టబోయింది. నాలుగు దెబ్బలు వేసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. పందొమ్మిది రోజులు! రోజుకొక ముక్క కుడుతూ, మురిసిపోతూ, వాడి ప్రాణాన్ని తనే గడపలో అడ్డంగా కూర్చుని ఆపింది. చచ్చినవాడి ఉన్ని చేయని పని తన చేతులే చేశాయి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో బోర్లించుకుంది.

నారిన్ రెండున్నర గంటల దారి. కారు గంటన్నరకే తిరిగొచ్చింది.

సాగిన్ ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచుకున్నాడు. బర్చినాయ్ మూట దించకుండా దిగి, గొర్రెలకొట్టం పక్కగా నడిచి మామగారి పాతగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కనుమ ఎక్కకముందే పోయాడట. ఆ సంగతి తర్వాత పక్కింటివాళ్ళ ద్వారా తెలిసింది.

వాకిట్లోంచి మగవాళ్ళ ఏడుపులు మొదలయ్యాయి. వచ్చేవాళ్ళు కూర్చోవడానికి పరుపులు పరవాలి. ఆ పనీ ఆమెదే. కాలిపా గోడకు చేతులాన్చుకుని లేచింది. దారికడ్డంగా ఉందని ఉయ్యాలను పక్కకు జరపబోయి ఆగిపోయింది. అందులో, పిల్లవాడి ఉచ్చ కిందికి జారడానికి పెట్టే వేలెడంత చెక్క గొట్టం ఉండిపోయింది. దాని కొసన తడి ఇంకా ఆరలేదు.