ఆర్నెల్ల మాట

మధ్యాహ్నం రెండున్నరకి తొమ్మిదో ఫైలు తెరిచారు. ఇంకా ఐదు మిగిలి ఉన్నాయి. ఫైలుకి పది నిమిషాలు, అంతకు మించితే సాయంత్రం రైలు దాటిపోతుందని ముగ్గురికీ తెలుసు. బల్ల కొసన కూర్చున్న చైర్మన్ హోల్కం, సైన్యంలో కర్నల్‌గా చేసి రిటైరైన మనిషి, కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయనకి కుడివైపు గ్రేడీ ప్రూయిట్, ఒకప్పుడు కెప్టెను, ఇంకా నలభై దాటలేదు. పెన్ను వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. మూడో కుర్చీ వెర్లీన్ టాల్బర్ట్‌ది. ఆమెకు అరవై నాలుగు. పొద్దున తెచ్చుకున్న జున్ను శాండ్‌విచ్ సగం తిని, సగం కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఈ గదిలో మధ్యాహ్నం భోజనం ఎవరిది వాళ్ళు ఎవరి మూలన వాళ్ళు తినేస్తారు.

తప్పు చేశారని ముద్ర వేసి సైన్యం బయటికి పంపిన సిపాయిలు, ఆ ముద్ర చెరిపేయమని పెట్టుకునే దరఖాస్తులు చూడ్డం వీళ్ళ పని. ముగ్గురిలో ఇద్దరు సరేనంటే ముద్ర పోతుంది. ఇద్దరు కాదంటే ఆ మనిషితో పాటు గోతిలోకి వెళ్తుంది. సరేననే రోజులు తక్కువ. కాదనడానికి కావలసిన వాక్యాలు గుమాస్తాలు ముందే టైపు చేసి ఉంచుతారు. పేరూ తారీఖూ మార్చుకుంటే చాలు, తీర్పు తయారు.

తక్కువ హోదా వాళ్ళు ముందు ఓటు వెయ్యాలన్నది అక్కడి ఆనవాయితీ. పెద్దవాళ్ళ మొహం చూసి చిన్నవాళ్ళు తడబడకూడదని పెట్టారట. వెర్లీన్ సైన్యం వదిలి పదహారేళ్ళయినా ఈ బల్ల దగ్గర ఆమె ఇంకా సార్జెంటే. అందుకని ప్రతి ఫైలుకీ ముందు ఆమె ఓటు వేస్తుంది, తర్వాత ఆ ఇద్దరూ తమకు తోచింది తాము కానిస్తారు. ఆమె గౌరవానికేం లోటు లేదు, ఆమె ఓటుకే పెద్ద పని లేదు.

ప్రూయిట్ గడగడా చదివాడు.

"ఆర్డెల్ మేహ్యూ. ఆర్కన్సా వాడు. రెండేళ్ళ ఎనిమిది నెలలు బానే చేశాడు. పది రోజులు సెలవు పెట్టి ఇంటికెళ్ళి, సెలవైపోయాక నలభయ్యొక్క రోజులు తిరిగి రాలేదు. వచ్చాక కేసు వద్దు, నన్ను పంపించెయ్యండని తనే సంతకం పెట్టాడు. దరఖాస్తుకి గడువు మూడేళ్ళు. ఈయన ముప్ఫై ఆరేళ్ళకి నిద్ర లేచాడు."

"ఎందుకు రాలేదట?" అన్నాడు చైర్మన్.

"వాళ్ళ నాన్న చెయ్యి రంపపు మిల్లులో పడిందట. ఇంట్లో సంపాదించేవాడు లేడట. అందరికీ ఏదో ఒకటి పడుతుంది లెండి సార్."

"తనంతట తనే తిరిగొచ్చాడు," అంది వెర్లీన్. "ఎవరూ పట్టుకు రాలేదు."

"ఆ ముక్క రాశారమ్మా, రెండో పేజీలో ఉంది," అన్నాడు చైర్మన్. "అసలు చిక్కు గడువు దగ్గర కదా. ఊఁ, మొదలుపెట్టు."

ఆమె ముందున్న కాగితం మీద రెండు గళ్ళు. ఒకటి 'ఇవ్వాలి', రెండోది 'వద్దు'. కింద టైపు చేసిన వాక్యం. 'దరఖాస్తుదారు గడువులోగా ఎందుకు అడగలేదో సంతృప్తికరమైన కారణం చూపలేదు.'

కారణం చూపించాడు. నాలుగు పేజీలు చేత్తో రాసి మరీ చూపించాడు. వెర్లీన్ శనివారం పొద్దున్నే తన వంటింటి బల్ల దగ్గర ఆ ఉత్తరం చదివింది. భర్త పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో రేడియో ఆపదు. ఏం చెబుతున్నారని కాదు, ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలని. ఆ రోజు మాత్రం ఉత్తరం రెండో పేజీకి వచ్చేసరికి లేచి వెళ్ళి రేడియో కట్టేసింది.

'అయ్యా, అమ్మా,' అని రాశాడు ఆర్డెల్ మేహ్యూ. 'నేను సంతకం పెట్టిన రోజు బల్లకి అవతల కూర్చున్న సార్జెంటు నాతో ఏమన్నాడంటే, ఏడవకురా అబ్బాయ్, ఆర్నెల్లు ఆగు, ఈ కాగితం దానంతటదే మంచి కాగితం అయిపోద్ది అన్నాడు. నేను ఆర్నెల్లు ఆగాను. అయిపోయిందనుకున్నాను. అయిపోయినదాని కోసం మళ్ళీ ఎవరన్నా అడుగుతారా? మా చర్చిలో ఏటా నవంబరులో, సైన్యంలో చేసినోళ్ళు లేచి నిలబడండి అంటారు పాస్టరుగారు. ముప్ఫై నాలుగేళ్ళు నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టేవోళ్ళు. కోళ్ళ ఫ్యాక్టరీలో చేసి చేసి నా ఊపిరితిత్తులు పోయినై. గంటకి పదకొండు డాలర్ల పని, ఆస్పత్రి ఖర్చులు నా వల్ల కాక సైనికుల ఆస్పత్రికి పోయాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, మీ కాగితం మారలేదండీ, మీకిక్కడ వైద్యం కుదరదు అంది. మంచి పిల్లే, మొహం చిన్నబుచ్చుకుని చెప్పింది. పోయిన నవంబరులో పాస్టరుగారు అడిగితే నేను కూర్చునే ఉన్నాను. మా మనవరాలు తాతా లే, లే అని చొక్కా పట్టి లాగింది. ఆస్పత్రి ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదు. నేను లేచి నిలబడొచ్చా, లేదా, అదొక్కటి చెప్పండి.'

ఆర్నెల్ల మాట ఇలాంటి ఉత్తరాల్లో కొత్తది కాదు. దానికీ ఒక జవాబు టైపు చేసి ఉంచారు: 'ఇటువంటి హామీ ఇచ్చినట్టు ఆధారం లేదు.' నిజమే మరి. ఆ మాట ఏ చట్టంలోనూ లేదు, ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు. అది సార్జెంట్ల నోళ్ళలోనే పుట్టి, నోటి నుంచి నోటికి పాకింది. వాటిలో వెర్లీన్ నోరు ఒకటి.

కాన్సస్‌లోని ఒక దండు శిబిరంలో నాలుగేళ్ళు ఆమె కూడా అలాంటి బల్ల వెనకే కూర్చుంది. తనకు ముందు ఆ కుర్చీలో ఉన్న సార్జెంటు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ పని నేర్పాడు. కాగితం కుర్రాడి వైపుకి ఎలా తిప్పాలో, సంతకం చోట వేలు ఎలా ఆనించి ఉంచాలో, ఏడిస్తే ఏమనాలో. ఆ అనేదే ఆర్నెల్ల మాట. మొదటి ఏడాది ఆమె కూడా నమ్మింది. రెండో ఏడాది కొత్తగా వచ్చిన ఒక లాయరు లెఫ్టినెంటు అది విని ఫక్కున నవ్వి, "ఎవరు చెప్పారు నీకు? అదేం మారదు, చచ్చేదాకా అంతే," అన్నాడు. ఆ తర్వాత కూడా రెండేళ్ళు ఆమె ఆ మాట అంటూనే ఉంది. ఎందుకంటే ఆ మాట అనగానే ఏడుపు ఆగేది. ఎదురుగా పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు వెక్కుతూ కూర్చుంటే, బయట ఇంకో నలుగురు వరసలో ఉంటే, ఏడుపు ఆపే మాట ఎవరికి చేదు? అబద్ధమని తెలిసి చెప్పింది. సిగ్గుపడాల్సింది అక్కడ, ఇన్నేళ్ళూ ఆమె ఆ సిగ్గును ఎవరికీ చెప్పుకోలేదు. భర్తకి కూడా.

"వెర్లీన్?" అన్నాడు చైర్మన్.

"ఇతను చెప్పింది నిజం సార్."

"కావచ్చమ్మా. నువ్వు నమ్మితే మంచిదే. కానీ నమ్మకం ఆధారం కాదు కదా."

"నమ్మకం కాదు సార్. ఆ మాట నేనే అన్నాను."

ప్రూయిట్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఇతనితోనా?"

"ఇతనితో కాదు. వేరే దండులో, వేరే పిల్లలతో. మాకు అలాగే చెప్పమని నేర్పేవాళ్ళు. మేమంతా అలాగే చెప్పేవాళ్ళం."

"ఎంతమందితో?"

"నాలుగేళ్ళు అదే పని చేశాను బాబూ. నువ్వే లెక్కేసుకో."

"అబ్బ, సార్జెంట్ గారూ," అన్నాడు ప్రూయిట్, నవ్వబోయి మానేసి. "అది మీరు పైకి అనకుండా ఉండాల్సింది."

చైర్మన్ ముందున్న ఫైలు మెల్లగా మూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. మనుషుల మీద కోపం లేదు, ఫైళ్ళ మీద విసుగు మాత్రమే ఉంది. అలాంటివాళ్ళ చేతుల్లోనే ఎక్కువ మంది పోతుంటారు.

"చూడమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వన్నది మేం వినలేదనుకుంటాం. నువ్వు ఇవ్వాలి అన్న గడిలో టిక్కు పెట్టెయ్. మా సంగతి మేం చూసుకుంటాం. నీ మనసుకి నిమ్మళంగా ఉంటుంది, పనీ అయిపోతుంది."

"మీరిద్దరూ వద్దంటారు."

"రూలు అలా ఉంది. నేనేం చెయ్యను?"

"మరి నేనన్నది కాగితం మీదకి ఎక్కితే?"

"ఎక్కితే నువ్వు సాక్షివి అవుతావు. సాక్షి ఈ కుర్చీలో కూర్చోకూడదు. ఫైలు వెనక్కి పోతుంది. కొత్తగా ముగ్గురిని వెయ్యాలి. తొమ్మిది నెలలు పట్టచ్చు, ఏడాదీ పట్టచ్చు. ఆ మనిషి ఊపిరితిత్తుల రిపోర్టు నువ్వూ చూశావు కదా?"

చూసింది. ఏడాది తర్వాత వచ్చే మంచి కాగితం అతని ఇంటి తలుపు తట్టేసరికి తీసుకోవడానికి మనిషి ఉంటాడో లేదో తెలియదు. అలాగని ఇప్పుడు టిక్కు పెడితే? ఇవాళే తేలిపోతుంది. ఒకటికి రెండు, కాదని. కిందటి నవంబరులాగే ఈ నవంబరులోనూ అతను కూర్చునే ఉంటాడు, మనవరాలికి ఏం చెప్పాలో తెలియక. ఆమె టిక్కు ఆమె ఒంటరి మనసుకి జోలపాట తప్ప ఇంకెవరికీ పనికిరాదు. ఆ మాటకొస్తే ఆర్నెల్ల మాట కూడా అలాంటిదే. ఎదుటివాడి ఏడుపు ఆపడానికి కాదు, తను వినలేక అన్నది.

వెర్లీన్ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నేను టిక్కు పెట్టను సార్."

"ఏ గడిలోనూనా?"

"ఏ గడిలోనూ పెట్టను. నన్ను సాక్షిగా రాసుకోండి."

"మీ ముందు సంతకాలు పెట్టినవాళ్ళంతా రేపు మీ పేరు పట్టుకుని వచ్చి మీద పడతారు మేడమ్," అన్నాడు ప్రూయిట్. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. "మీకు తెలిసి కూడా అబద్ధం చెప్పారని రాయాల్సి వస్తుంది. పెన్షన్ దాకా లాగుతారు. ఆలోచించుకోండి."

"ఎప్పుడో ఆలోచించాల్సింది. ఆలస్యమైంది. ఏం చేస్తాం, ముప్ఫై ఆరేళ్ళకి నేనూ నిద్ర లేచాను."

చైర్మన్ సొరుగులోంచి తెల్ల కాగితాలు నాలుగు తీసి బల్ల మీదుగా ఆమె వైపు జరిపాడు.

"బయట కూర్చుని రాసుకో. తారీఖులు గుర్తున్నంత వరకూ వెయ్యి. పేర్లు కూడా," అని, "నువ్వు పోతే ఈ గదిలో పొద్దు గడవదు వెర్లీన్," అన్నాడు.

అది మంచిమాటే. తొమ్మిదేళ్ళలో ఆయన ఆమెతో అన్న మొదటి మంచిమాట. ఆమె సంచి తీసుకుని లేచింది.

గది బయట వసారాలో గోడవారగా ఒక చెక్క బెంచీ ఉంది. సాక్షులు కూర్చోవడానికి వేశారు. ఇక్కడికి సాక్షులు ఎవరూ రారు, కాగితాలే వస్తాయి. అందుకని దాని మీద ఇన్నేళ్ళూ ఎవరి గొడుగో, ఊడ్చేవాళ్ళ చేతి తొడుగులో తప్ప మనిషి కూర్చోగా ఆమె చూడలేదు. తొడుగులు పక్కకు జరిపి కూర్చుంది. వెనక తలుపు మూసుకుంది. ఇద్దరు సభ్యులతో తీర్పు చెల్లదు, అయినా పదో ఫైలు ముందే చదివిపెట్టుకుందామని కాబోలు ప్రూయిట్ గొంతు మళ్ళీ మొదలైంది. పేరు, ఊరు, ఎన్ని రోజులు రాలేదు.

ఆమె ఒడిలో సంచి పెట్టుకుని, దాని మీద కాగితం ఆనించి, పైన తన పేరు, అప్పటి హోదా, దండు పేరు రాసింది. 'ఈ మాట అబద్ధమని తెలిశాక కూడా రెండేళ్ళు చెప్పాను' అని రాసింది. ఆ వాక్యం రాయడానికి అంతసేపు పట్టనందుకు ఆశ్చర్యపోయింది. తర్వాత పేర్లు. లూథర్ క్వాల్స్. వెనక్కి వెళ్ళడానికి ఇల్లే లేదన్న వాడు. డెన్నిస్ ఆర్చులెటా. టోబీ రింకర్, సంతకం పెడుతూ స్పెల్లింగు తప్పి, సిగ్గుపడి నవ్విన వాడు.

నాలుగో వాడి దగ్గర చెయ్యి ఆగింది. మొహం గుర్తుంది. మణికట్టుకి వదులైన గడియారం, వాళ్ళ నాన్నదట. వాడు ఏడవలేదు. ఆర్నెల్లంటే సరిగ్గా ఏ తారీఖుకండీ, ఇంట్లో చెప్పాలి అని అడిగాడు. ఆమె గోడమీది కేలండరు పేజీలు తిప్పి, వేలితో లెక్కపెట్టి, ఏప్రిల్ పద్నాలుగు అని చెప్పింది. వాడు ఆమె పెన్నే అడిగి తీసుకుని ఆ తారీఖు అరచేతిలో రాసుకుని, థాంక్సండీ అని వెళ్ళిపోయాడు.

పేరు ఎంత తవ్వుకున్నా రాలేదు. లోపల ప్రూయిట్ చదువుతూనే ఉన్నాడు. వెర్లీన్ పేరు ఉండాల్సిన చోట 'ఏప్రిల్ పద్నాలుగు' అని రాసి, దాని పక్కన చోటు వదిలి, ఐదో వాడి కోసం కింది గీత మీదికి వెళ్ళింది.